ముడి కనిపించని మరమ్మతు

మానవజాతి చీకటిని జయించింది. బ్యాటరీ సెల్లులు పెట్టే అర దగ్గర మాత్రం కొద్దిగా ఆలస్యమవుతోంది.

షోలాపూర్ భవాని పేట్‌లోని నేతకారుల సంఘం నూలు గోదాముకు ‘రాత్రి దృష్టి పథకం’ కింద చీకట్లో చూపించే దుర్బిణి ఒకటి వచ్చింది. (పట్టపగలు దోచుకునేవారికి ఇంకా పథకం రాలేదు.) దాన్ని కాపలాదారు మల్లప్ప మెడలో వేసి తొమ్మిదో నిబంధన చదివి వినిపించారు: దుర్బిణి వరుసగా ఇరవై ఒక్క రోజులు పనిచేయనిచో కాపలాదారుకు చూపు లేనట్లు భావించి తొలగించవలెను.

వానల్లో సెల్లు కారింది. అర తుప్పుపట్టి, మూతతో సహా చీలింది. మల్లప్ప నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. చద్దరులో ముడి కనిపిస్తే మాలు వాపసు వచ్చే పేటలో పుట్టినవాడు. చీలికను నల్ల నూలుతో చుట్టి, ముడిని లోపలికి తోసేశాడు. చూడ్డానికి కొత్తదే. కాకపోతే పావుగంట వెలిగి ఆరిపోయేది. (అలా వెలిగినదాన్ని పనిచేసినట్టు లెక్కించరాదని పదో నిబంధన.)

అశోక్ చౌక్‌లోని అరల మార్పిడి విభాగంలో తనిఖీ అధికారి దశరథ్ దుర్బిణిని అటూ ఇటూ తిప్పాడు.

“ఏంది మల్లప్ప మామా, ఏకదం ఝకాస్, కొత్తదాని లెక్కనే ఉన్నది గదా! పగులు ఏడుంది?”

“లోపల సార్. దారంతోని కట్టిన.”

“దారం ఏది మరి?”

“కనవడదు సార్.”

“కనవడనిది నేనెట్ల రాయాలె? ఫారంల ఫోటో అడుగుతది. బాగనే ఉన్నదని రాస్తున్న. కనవడేటట్టు కట్టుకొని రేపు రా.”

మల్లప్ప ఇంట్లో కూర్చుని ముడి పైకి తేలేలా మూడుసార్లు కట్టాడు. మూడుసార్లూ వేళ్లు తమంతట తామే దాన్ని లోపలికి దాచేశాయి.

బీడీలు చుడుతున్న భార్య సుందరాబాయికి ఒళ్లు మండింది. “పనోన్నని ఎంత గీర నీకు! జర గలీజ్‌గ కట్టరాదు? నౌకరీ పోతే ఈ ముడినే సూస్కుంట కూసుంటవా?”

“చేతులు వింటలెవ్వే.”

ఆమె లాక్కుని తనే కట్టింది. బీడీలకు దారం చుట్టిన చెయ్యి కదా, ఇంకా అందంగా వచ్చింది.

చివరికి కట్టంతా విప్పేసి, ముక్కల్ని రుమాలులో మూటగట్టుకుని వెళ్లాడు మల్లప్ప. దశరథ్ ముందురోజు కాగితం తీశాడు.

“నిన్న బాగుండె. అంటే రాత్రి మీ ఇంట్ల పలిగింది. ఇది ఇంటి పగులు మామా. మేం గోదాము పగుళ్లే సూస్తం.”

“గోదాములనే పలిగింది సార్!”

“పగులుకు నివాసపత్రం తెస్తవా మరి?”

పగుళ్ల వర్గీకరణ ఉపసంఘం రెండుసార్లు సమావేశమైంది. మొదటిసారి పగులు రాలేదు (పిలవడం మరిచారు). రెండోసారి దాన్ని నాలుగు వైపుల నుంచి ఫోటో తీసి, గోదాము వాస్తవ్యురాలిగా ఏకగ్రీవంగా గుర్తించారు. ఈలోగా మల్లప్ప ప్రతి రాత్రీ ఉత్త కళ్లతో, అంటే అనుమతి లేకుండా, గోదాము కాశాడు. ఒక్క నూలు కండె కూడా పోలేదు.

ఇరవై రెండో రోజు సాయంత్రం కొత్త అర వచ్చింది. దశరథ్ స్వయంగా బిగించి, చీకటి పడ్డాక గోదాము వైపు తిప్పి పరీక్షించాడు. పరికరం సంపూర్ణంగా పనిచేస్తున్నదనీ, ఆ పొద్దున తొమ్మిదో నిబంధన కింద తొలగించిన మల్లప్ప ఖాళీ కుర్చీ నాలుగు కాళ్లతో సహా స్పష్టంగా కనిపించిందనీ నివేదికలో రాశాడు.