ఇసుకలో నిమ్మకాయలు

ఆ శనివారం పొద్దున రాధ పెట్టుకున్న పని ఒక్కటే. తల్లి రత్తమ్మకి పెసరట్లు వేసిపెట్టి, సింగపూర్‌లో తాముండే బుకిట్ బటోక్ మార్కెట్‌కి తీసుకెళ్ళాలి. విజయవాడ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి తుమ్ములే తుమ్ములు. ఏసీ పడలేదని సరిపెట్టుకున్నారు. అంతలో ఎదురు ఫ్లాట్ హాజరా రొప్పుతూ లోపలికొచ్చింది.

"రాధా, మీ ఆయన రోజూ జాగింగ్‌కే పోతున్నడా?"

"ఆఁ. బరువు తగ్గాలట. ఏం?"

"ఏం జాగింగ్! కింద పార్కుల ఇసుక తవ్వి నిమ్మకాయలు పెడుతున్నడు. నా కళ్ళతోని చూసిన. చేతబడి కాకపోతే నా పేరు హాజరా కాదు!"

రాధ కొట్టిపారేద్దామనుకుంది గానీ, పాడు మనసు ఊరుకుంటుందా? జాగింగ్‌కి వెళ్ళే మనిషి బూట్లలో గుప్పెడు ఇసుక ఎందుకుంటుంది? నిద్రలో "లే... ఒక్కసారి ఇసుకలోంచి పైకి లే!" అని కలవరిస్తాడెందుకు? అన్నిటికీ మించి, మొన్న అన్నం తింటూ "అత్తయ్యగారి టికెట్ ఎప్పటికి?" అని అడిగాడు. మర్నాడే అమ్మకి మోకాలి నొప్పి!

"అల్లుడు నన్ను సాగనంపాలని చూస్తున్నాడే," అంది రత్తమ్మ తుమ్ముతూ. "ఇవాళే పోతాలే."

రాధకి ఏడుపొచ్చింది. నాన్న పోయాక తల్లిని ఇక్కడికి రప్పించడానికి ఎంత బతిమాలిందో! ఇప్పుడిలా పంపెయ్యాలా? "నువ్వెక్కడికీ పోవద్దు. తేల్చుకుందాం పద," అంటూ చెయ్యి పట్టుకుంది.

ఈలోగా హాజరా బ్లాకులోని తెలుగువాళ్ళ గ్రూపులో కబురు పెట్టేసింది. వీళ్ళు దిగేసరికి ఇసుక గుంట చుట్టూ జనం. ఒకాయన దిష్టి తియ్యడానికి కల్లుప్పు పొట్లం కూడా తెచ్చాడు. రాధ మొగుడు శశికాంత్ మాత్రం లేడు, కాఫీకి వెళ్ళాడట. ఇసుకలో సగం కూరుకుని పసుపుపచ్చగా ఒకటుంది. పక్కనే వంకర మొహం ఇనప కర్ర.

"ఎవరూ ముట్టుకోకండి! కర్ర కూడా తగలకూడదు. ఇసుకతో సహా ఎత్తి పారెయ్యాలి," అంటూ రత్తమ్మ మోకాలి నొప్పి మరిచిపోయి గుంటలోకి దిగింది. కర్ర అందుకుని, ఆంజనేయస్వామిని తలుచుకుని, దాని వెనకాల ఇసుకని ఒక్క ఊపున కొట్టింది. ఇసుక గుప్పున లేచింది. దాంతోపాటు పసుపుపచ్చదీ లేచి, గట్టు దాటి, గడ్డిమీద మెత్తగా వాలింది.

"అత్తయ్యగారూ! ఎలా కొట్టారది?" వెనక నుంచి శశికాంత్ కేక. చేతిలో కాఫీ నేలపాలైంది.

"నా మీదే ప్రయోగం చేస్తావా నాయనా?"

"ప్రయోగమేంటండీ? అది గోల్ఫ్ బంతి!"

అప్పుడు బయటపడింది అసలు బండారం. ఎడారి గోల్ఫ్‌లో ఆరితేరానని ఇంటర్వ్యూలో కోతలు కోశాడట మహానుభావుడు. బాసు అది నమ్మి, వచ్చే నెల దుబాయ్‌లో పెద్ద పెద్ద పోటీలు జరిగే ఎడారి గోల్ఫ్ మైదానానికి, క్లయింట్లతో ఆడటానికి రమ్మన్నాడు. "అక్కడ గడ్డి తప్పితే మిగతాదంతా ఇసుకే రాధా! ఎంత కొట్టినా బంతి పైకి లేవట్లేదు. అబద్ధం తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"హాల్లో కొట్టి టీవీ పగలగొట్టాక ఈ ఆట జోలికి పోనని నీకు ఒట్టేశానుగా!"

"మరి అమ్మ టికెట్ సంగతో?"

"మిగతా కర్రలన్నీ ఆవిడ మంచం కింద దాచాను. ఎలా తియ్యను?"

జనం కల్లుప్పుతో సహా సర్దుకున్నారు. ఆ సాయంత్రం శశికాంతే కూర్చుని అత్తగారి తిరుగు టికెట్ రద్దు చేశాడు. "మీరు వెళ్ళడానికి వీల్లేదు అత్తయ్యగారూ. నాతో దుబాయ్ రావాలి," అని చేతులు పట్టుకున్నాడు.

"నిన్నటిదాకా ఎప్పుడు పోతావన్నాడు, ఇప్పుడు పోవద్దంటున్నాడు. ఇందులో ఏదో ఉందే!" అని రత్తమ్మ కూతురి చెవిలో గొణిగింది.

నెల తిరిగింది. మండే ఎడారిలో బాసు చూస్తుండగా శశికాంత్ బంతి ఇసుకలో కూరుకుపోయింది. గొడుగు కింద నుంచి రత్తమ్మ కేకేసింది. "బంతిని ముట్టుకోకు బాబూ, ఇసుకని కొట్టు!"

కొట్టాడు. బంతి లేచి జెండా పక్కన వాలింది. ఈయన కోచ్ ఎవరోగానీ గట్టివాడే అన్నాడు బాసు.

గోల్ఫ్ సంచీకి హాజరా కట్టి పంపిన నిమ్మకాయ మాత్రం నిజమైనదే.