మీటరు చూసుకోండి, వెచ్చగా ఉండండి!

చలికాలంలో ఒళ్లు వెచ్చబడాలంటే ఇంట్లో హీటింగ్ వేయక్కర్లేదు. గ్యాసు మీటరు చూసి ఖర్చు లెక్క కడితే చాలు! మా ఊరు హడర్స్‌ఫీల్డ్‌లో ఈ సంగతి ఇంకా చాలామందికి తెలియదు. పాపం, ఇప్పటికీ ఇల్లు వేడెక్కించే గ్యాసు బాయిలర్లు వెలిగించుకుని బతుకుతున్నారు.

నవ్వకండి. పద్ధతి చెబుతాను, మీరే చేసి చూడండి. ఈ ఆదివారం మీటరు మీదున్న అంకెలోంచి పోయిన ఆదివారం అంకె తీసేయండి. వచ్చినవి ఘనపు మీటర్లు. వాటిని 1.02264తో గుణించండి. ఎందుకు అని అడగొద్దు, నేను అడిగి నలభై నిమిషాలు ఫోన్లో సంగీతం విన్నాను. తర్వాత బిల్లు వెనకాల చీమతలంత అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, సుమారు ముప్పైతొమ్మిదిన్నర. దాంతో మళ్లీ గుణించండి. 3.6తో భాగించండి. అవీ యూనిట్లు! వాటిని ధరతో గుణించి, గ్యాసు కాల్చినా కాల్చకపోయినా కట్టాల్సిన రోజువారీ రుసుము కలపండి. ఇక్కడిదాకా వచ్చారా? నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకోండి. చెమట పట్టిందా, లేదా?

అసలు మా వీధిలో మనిషి పరువు కారులోనో కోటులోనో ఉండదు. ఏడాదిలో హీటింగ్ మొదటిసారి ఏ తేదీన వేశాడన్న దాంట్లో ఉంటుంది. అక్టోబరులో వేసినవాడు చేతగానివాడు. నవంబరు ఒకటిన వేసినవాడు మామూలు మనిషి. నేను ఈసారి నవంబరు ఇరవై మూడు దాకా లాక్కొచ్చాను! పబ్‌లో అందరూ నోరెళ్లబెట్టారు.

“ఇంకా వెయ్యలేదా హెడ్లీ? నిజంగానే?”

“ఇదీ ఒక చలేనా? నాకు ఉక్కపోస్తుంటేనూ,” అన్నాను, కోటు కింద మూడు స్వెట్టర్లు కనబడకుండా సర్దుకుంటూ.

జూలైలో పాత మీటర్లు తీసేసి కొత్తవి పెట్టడానికి మనుషులొచ్చారు. తమంతట తామే కంపెనీకి లెక్కలు పంపుకునే తెలివైన మీటర్లు పెడతామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఒక తెలివైనవాడు ఉండగా ఇంకోటి దేనికి? మామూలు మీటరే పెట్టించుకున్నాను. పక్కింటి మిసెస్ ఆక్రాయిడ్ గారికి కూడా నేనే చెప్పి అదే పెట్టించాను.

ఆవిడ గురించి చెప్పాలి. మాది పదిహేడో నంబరు, ఆవిడది పందొమ్మిది. ఎనభై రెండేళ్ల ఒంటరి మనిషి. పోయిన చలికాలం గ్యాసు ఖర్చుకు భయపడి రోజుకు ఒక్క గంటే హీటింగ్ వేసుకుని, మిగతా పొద్దంతా ఓవర్‌కోటుతో, ఒళ్లో వేడినీళ్ల సంచితో కూర్చున్నారు. ఫిబ్రవరిలో న్యుమోనియా వచ్చి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. తిరిగొచ్చాక నేనే మాటిచ్చాను: “లెక్క నాకొదిలేయండి. మీటరు చూసేదీ నేనే, కంపెనీకి అంకెలు పంపేదీ నేనే. మీరు మాత్రం హీటింగ్ వేసుకోండి. ఖర్చు ఎక్కువైతే ఆ మాట నేనే చెబుతాను.”

మీటర్లు రెండూ మా ఇళ్ల మధ్య సందులో, పక్కపక్కనే రెండు చెక్క తలుపుల వెనకాల ఉంటాయి. తలుపుల మీద 17, 19 అని అంకెలు. రెండు మీటర్లూ ఒకేరోజు సున్నాతో మొదలయ్యాయి. సెప్టెంబరులో ఆ తలుపులు ఊడదీసి, ముచ్చటైన ఆకుపచ్చ రంగు కూడా వేశాను. వీధిలో అంత అందమైన మీటరు తలుపులు ఇంకెవరికీ లేవని ఇప్పటికీ నా నమ్మకం.

ఇక లాభాల సంగతికొస్తాను. డిసెంబరు మొదటివారం మా లెక్క ఇరవై పౌన్లు వచ్చింది. వెంటనే ఇంట్లో వేడి పద్దెనిమిది డిగ్రీలకు దించాను. రెండోవారం ఇరవై ఆరు వచ్చింది! పదహారుకి దించాను. ముప్పై మూడు! పద్నాలుగుకి దించాను. దించినకొద్దీ ఖర్చు పెరిగింది. మీటరు వల్ల విజ్ఞానశాస్త్రానికి ఇంతకంటే సేవ ఏం జరగాలి?

కుటుంబం ఒక్కటైంది. మా టిల్డాకు పదహారేళ్లు. పదకొండో ఏటి నుంచి తన గది తలుపు తీసి మాతో కూర్చున్న పాపాన పోలేదు. ఇప్పుడు ముగ్గురం ఒకే సోఫాలో, ఒకే దుప్పటి కింద! పాలు ఫ్రిజ్‌లో కన్నా వంటింటి బల్లమీదే బాగా నిలుస్తున్నాయి. వెన్న కత్తికి లొంగడం మానేసింది కాబట్టి ఒంట్లో కొవ్వూ తగ్గింది. స్నానానికి నాలుగు నిమిషాలే గడువు పెట్టి, గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే గడియారంతో నేను తలుపు బయట కాపలా కాశాను.

“నీ మీటరుకి దయ్యం పట్టింది,” అంది మా ఆవిడ బెరిల్, చేతి తొడుగులతోనే బంగాళాదుంపలు చెక్కుతూ. “నువ్వు దాన్ని వదలవు, అది మనల్ని వదలదు.”

“దయ్యం కాదు. ఎవరో దొంగచాటుగా వేడినీళ్లు వాడుతున్నారు,” అన్నాను.

“నువ్వే వాడుతున్నావేమో నాన్నా, నిద్రలో,” అంది టిల్డా.

ఈ కష్టాల్లో నాకున్న ఒకే ఒక్క సంతోషం పక్కింటి లెక్క. జనవరిలో వెళ్తే మిసెస్ ఆక్రాయిడ్ పొట్టిచేతుల గౌనుతో తలుపు తీశారు. పిల్లికి ఉక్కపోస్తోందని కిటికీ ఓరగా తెరిచి పెట్టారు కూడా!

“పోయినవారం ఎంతైంది హెడ్లీ? దాచకుండా చెప్పు.”

“తొమ్మిది పౌన్లు.”

“తొమ్మిదేనా! అయితే వేడి ఇంకో గీత పెంచుకోనా నాయనా?”

“నిక్షేపంగా పెంచండి!”

ఆవిడ పెంచారు. మరుసటి వారం ఎనిమిదికి దిగింది. మాది నలభై ఒకటి! ఆవిడ దగ్గర నేర్చుకోవాల్సిన కిటుకేదో ఉందని బెరిల్‌తో అన్నాను. బెరిల్ నా వైపు చూసిన చూపులో ఆ పూట కాస్త వేడి ఉంది.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం దొంగను పట్టడానికి నడుం కట్టాను. బాయిలరు ఆపాను. పొయ్యి ఆపాను. ఇంట్లోకి గ్యాసొచ్చే కవాటమే మూసేశాను. ముగ్గురం సందులోకి వెళ్లి 17 అని ఉన్న తలుపు తీసి మీటరు ముందు నిలబడ్డాం.

చివరి అంకె నింపాదిగా తిరుగుతోంది.

“నాన్నా, మనింట్లో ఇప్పుడు అసలు గ్యాసే లేదుగా?” అంది టిల్డా.

అప్పుడే పక్కింటి వంటగదిలోంచి మాంసం వేగుతున్న కమ్మటి వాసన వచ్చింది. బెరిల్ మీటరు వైపు చూసింది, ఆ వాసనొచ్చే కిటికీ వైపు చూసింది, తర్వాత ఆకుపచ్చ తలుపు వైపు చూసింది.

“వీటికి రంగు వేసి మళ్లీ బిగించింది ఎవరు హెడ్లీ?”

దీని తలుపు దానికి, దాని తలుపు దీనికి బిగించిన మహానుభావుడు ఎవరో మీకు నేను చెప్పాలా? నాలుగు నెలలుగా ఆవిడ కాల్చిన గ్యాసుకు మేము డబ్బు కడుతున్నాం. మేము వణికి మిగిల్చింది ఆవిడ లెక్కలో తగ్గుతోంది!

నిజం చెప్పేయడానికి అప్పటికప్పుడు పందొమ్మిదో నంబరు తలుపు కొట్టాను. వెనకాలే వాళ్లిద్దరూ. తలుపు తెరుచుకోగానే వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. మిసెస్ ఆక్రాయిడ్ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, కాళ్లకు మేజోళ్లు కూడా లేవు. పోయిన ఏడాది ఆసుపత్రి మంచం మీద చూసిన మనిషేనా అనిపించింది.

“అయ్యో, అలా బిగుసుకుపోయారేమర్రా! లోపలికి రండి, ఆ కోట్లు తీసేయండి.”

నేను నోరు తెరిచాను. బెరిల్ నా కాలు తొక్కింది. ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే గుసగుసగా అంది: “ఇప్పుడు చెబితే ఈ సాయంత్రమే హీటింగ్ ఆపేసి కోటు వేసుకుంటారు. ఫిబ్రవరి ఇంకా రానేలేదు.”

“మరి మన నలభై ఒక్క పౌన్లు?”

“కట్టేది ఎలాగూ మనమే. ఇక్కడికొచ్చి కూర్చుందాం!”

అదే చేస్తున్నాం. తలుపులు ఏప్రిల్ దాకా అలాగే ఉంటాయి. ఈ తారుమారు గురించి కంపెనీకి రాసిన ఉత్తరం తేదీ వేయకుండా నా సొరుగులో ఉంది. రోజూ సాయంత్రం ఆరింటికి ముగ్గురం పందొమ్మిదో నంబరుకి వెళ్లి, మేము కొనుక్కున్న వెచ్చదనంలో కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాం. టిల్డా అక్కడే చదువుకుంటోంది. పిల్లి నా ఒళ్లో పడుకుంటోంది. దాని తిండి ఖర్చు మాత్రం ఆవిడదే.

మొన్న టీ పోస్తూ మిసెస్ ఆక్రాయిడ్ నన్ను మందలించారు: “పిల్లనీ పెళ్లాన్నీ అంత చలిలో పెట్టడానికి నీకు మనసెలా ఒప్పుతుంది హెడ్లీ? వారానికి ఎనిమిది పౌన్ల దానికి! లెక్క కట్టేది నువ్వే కదా, నీకు తెలియదూ?”

తెలియకేం! ఎనభై రెండేళ్ల మనిషి మా దేశంలో చలికాలం వెచ్చగా గడపాలంటే ఏం కావాలో ఇప్పుడు నాకు దశాంశాలతో సహా తెలుసు. పక్కింట్లో ఒక తెలివితక్కువవాడు ఉండాలి. వీధివీధికీ ఒకడు దొరకడే, అదే నా బెంగ.