మూడో చరణానికి కునుకు

ఆ ఉదయం జోజోఅమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి డ్రైవింగు పరీక్ష, తొమ్మిదిన్నరకి లైసెన్సు, పదింటికల్లా మళ్లీ క్రెష్‌లో పిల్లల దగ్గర. పన్నెండేళ్లుగా అక్కడ ఆయాగా ఉంటూ ఎంతటి మొండిఘటాన్నయినా పాట పాడి నిద్రపుచ్చడంతో, ఆమె అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. క్రెష్ వ్యాను నడిపే మనిషి రెండు నెలల ముందే చెప్పి మొన్న మానేశాడు. "ఇవాళ లైసెన్సు తెచ్చుకుంటే సోమవారం నుంచి వ్యాను నీదే. లేదంటే వేరే మనిషిని పెట్టేసుకుంటాను" అని యజమానురాలు తేల్చి చెప్పేసింది. యాభై ఏళ్లు నిండాక పుట్టిన కోరిక మరి, జోజోఅమ్మ మూడు రోజులుగా కలలో కూడా గేర్లు మారుస్తోంది.

చిక్కల్లా చేతులతోనే. స్టీరింగు పట్టుకుంటే చాలు, వణుకు. నేర్పినవాడు మొగుడు. పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ, "చంపేశావే, చంపేశావే!" అని అరవడమే ఆయనకు తెలిసిన బోధన. ఒకరోజు ఆ అరుపులు వినలేక ఆమె తనలో తాను లాలిపాట ఎత్తుకుంది. వణుకు ఠక్కున ఆగిపోయింది. పిల్లల కోసం పాడీ పాడీ ఆ పాట ఆమె ఒంటికే పట్టేసింది. అయితే పరీక్షలో పాడటానికి సిగ్గుపడి మొదటిసారి ఆఫీసు గేటునీ, రెండోసారి గేటు పక్కనున్న బోర్డునీ గుద్దింది.

"ఈసారైనా పాడుకోవే, పరువు పోతే పోయింది" అన్నాడు మొగుడు గేటు దగ్గర క్రెష్ వ్యానులోంచి దిగిపోతూ.

"ఆయన కళ్లు చూస్తే పాట కాదండీ, ఊపిరే రాదు."

పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు కళ్లు నిప్పు కణికల్లా ఉంటాయి. పదిమంది వస్తే తొమ్మిదిమందిని ఇంటికి పంపేస్తాడని పేరు. ఆయన వ్యానెక్కి, బెల్టు పెట్టుకుని, "తిన్నగా పోనివ్వండి. నేను చెప్పందే ఎటూ తిప్పకూడదు" అన్నాడు.

నాలుగు గజాలు వెళ్లేసరికి వ్యాను కప్పలా గెంతింది. జోజోఅమ్మ భయంతో సన్నగా పాట అందుకుంది. వ్యాను దారిలో పడింది.

"ఏమిటది?"

"అలవాటండీ. ఆపేస్తాను."

ఆపేసింది. వ్యాను మళ్లీ గెంతింది. ఇన్‌స్పెక్టరు తల పైకప్పుకి కొట్టుకుంది.

"పాడండి తల్లీ, పాడండి! ముందు ప్రాణాలు దక్కాలి!"

ఆమె పాడింది. మొదటి చరణానికి ఆయన భుజాలు దిగాయి. రెండో చరణానికి పెన్ను జారింది. మూడో చరణానికి గురక వినబడింది.

జోజోఅమ్మ ఓరకంట చూసింది. లేపితే కోపంతో ఫెయిల్ చేస్తాడు. చెప్పకుండా తిప్పితే రూలు ప్రకారం ఫెయిల్ చేస్తాడు. అందుకని తిన్నగా పోనిచ్చింది. వంతెన వచ్చింది, దాటింది. సిమెంటు గోదాములు దాటింది. ఊరు అయిపోయింది, పాట కూడా అయిపోయింది. ఆయన కనురెప్పలు కదిలాయి. ఆమె కంగారుగా కనిపించినదల్లా పాటలో పెట్టి, "లారీ అన్న తప్పుకున్నాడు, మైలురాయి బజ్జుంది" అని సాగదీసింది. గురక మళ్లీ కుదురుకుంది.

అక్కడ ఆఫీసులో పది నిమిషాల పరీక్ష గంట దాటింది. గుమాస్తా వచ్చి అడిగితే మొగుడు నిజమే చెప్పాడు. "మా ఆవిడ పంతం పట్టిందంటే లైసెన్సు ఇచ్చేదాకా మనిషిని వదలదండీ. పైగా ఇది మూడోసారి." గుమాస్తా ఉన్నపళాన లోపలికి పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టరుని ఎత్తుకుపోయారని అప్పటికప్పుడు పోలీసులకి ఫోను చేశాడు.

కాసేపటికి జోజోఅమ్మకి అద్దంలో పోలీసు జీపు కనబడింది. అది ముందుకొచ్చి అడ్డంగా ఆగింది. ఆమె సిగ్నలు వేసి, పక్కకి తీసి, పద్ధతిగా ఆపింది. పాట మాత్రం ఆపలేదు.

"దిగు! చేతులు పైకి..." అంటూ ఎస్సై లాఠీతో వచ్చాడు.

"ష్!" ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. "కునుకు పట్టింది బాబూ. లేస్తే నా వ్యాను ఉద్యోగం పోతుంది."

ఎస్సై తొంగి చూశాడు. ఇన్‌స్పెక్టరు నోరు తెరుచుకుని, బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. జీపులోంచి గుమాస్తా పరుగున వచ్చి చూసి, అక్కడికక్కడే ఎస్సై చేతులు పట్టుకున్నాడు.

"లేపకండి సార్, మీకు దణ్ణం పెడతాను! నాలుగు నెలలుగా నిద్ర పట్టక ఆఫీసంతటినీ కాల్చుకు తింటున్నాడీయన. అమ్మా, నేను చెబుతున్నాను, వెనక్కి తిప్పు. మెల్లగా పోనీ. పాట ఆపావో, నా మీద ఒట్టు!"

ముందు జీపు, వెనక వ్యాను. జీపు సైరన్ వేయలేదు, హారన్ కూడా కొట్టలేదు. ఎదురొచ్చే లారీల నోళ్లను కానిస్టేబులు పెదవుల మీద వేలు పెట్టి చూపించి మూయించాడు. జోజోఅమ్మకి ఇక భయమే లేదు. ఎండలో మెరుస్తున్న రోడ్డు, చేతిలో మాట వింటున్న స్టీరింగు, గొంతులో పాట. ఇంత హాయి ఉంటుందని తెలిస్తే ఇరవయ్యో ఏటే నేర్చుకునేది.

గేటుకీ బోర్డుకీ మధ్యలోంచి వ్యానుని వెంట్రుకంత కూడా తగలకుండా తెచ్చి నిలిపింది. ఏదో అరవబోయిన మొగుడి నోటిని గుమాస్తా చేత్తో మూశాడు. ఇంజను ఆగింది, పాటా ఆగింది.

ఇన్‌స్పెక్టరు కళ్లు తెరిచి, "ఇప్పుడు కుడివైపు తిప్పండి" అన్నాడు.

కుడివైపు గోడ ఉంది. గోడ ముందు పోలీసులున్నారు. ఆయన వాచీ చూసుకున్నాడు. పన్నెండుంపావు. పరీక్షలో నిద్రపోయానని రాస్తే తన ఉద్యోగం పోతుంది.

ఆయన కింద పడిన పెన్ను వెతికి తీసి, కాగితం మీద నిదానంగా రాశాడు. "మూడు గంటలకు పైగా స్వయంగా పరీక్షించాను. ఒక్క కుదుపు కూడా లేదు. పాస్."

జోజోఅమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వేసింది. ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, వ్యాను ఏయే వీధుల మీదుగా వెళుతుందని అడిగాడు.

సోమవారం నుంచి ఆ వ్యానులో పదిహేడు మంది ఎక్కుతున్నారు, అందులో పదహారు మందికి ఇంకా ఐదేళ్లు నిండలేదు.