లాంచీ ఎక్కిన తువ్వాలు

ఇలా రండమ్మా, ఆ చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. దూరంగా కూర్చుంటే కథ సగం గాలికే పోతుంది. తణుకు పక్కన మా వీధిలో ఉండే గంగరాజూ, వాళ్ళావిడ రామతులసీ పాపికొండలకి బయలుదేరిన సంగతి చెబుతాను. నవ్వొస్తే నవ్వండి గానీ మధ్యలో లేచి వెళ్ళకండి. ఈ కథలో చిక్కంతా మధ్యలో లేచి వెళ్ళడం వల్లే వచ్చింది.

గంగరాజు మంచివాడే. వరీ, చెరుకూ పండించుకునే మనిషి. తాగడు, పేకాడడు. ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ బండి ఎక్కినా అది కదిలేలోపు ఒకసారి దిగాలి. "ఇప్పుడే వస్తానుండు" అంటాడు, దిగిపోతాడు. పెళ్ళయిన కొత్తలో పిఠాపురం మొక్కు తీర్చుకోడానికి రైలెక్కి, నిడదవోలులో బజ్జీల కోసం దిగాడు. రైలు కొత్త పెళ్ళికూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకూ బజ్జీలూ ప్లాట్‌ఫారం మీద మిగిలారు. ఇంకోసారి పాపికొండలకనే బయలుదేరితే, రేవులో ఎవరో గేదెను బేరమాడుతున్నారని, పళ్ళు చూసి దాని వయసు చెప్పడానికి దిగాడు. లాక్కురావడానికి వెనకే రామతులసీ దిగింది. గేదె వయసు తేలేసరికి లాంచీ కనుచూపు దాటిపోయింది. ఆనాటి నుంచి ఎవరు పాపికొండల మాటెత్తినా రామతులసి, "చూశాను లెండి, క్యాలెండర్లో" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు చూస్తే మనకే కష్టంగా ఉండేది.

ఈసారి కూతురు దేవిశ్రీ టిక్కెట్లు తీసింది. మామూలు లాంచీ కాదు, రాజమండ్రి రేవులోకి కొత్తగా వచ్చిన పెద్దది. క్రూయిజ్ అంటారట. పడుకోడానికి గదులు, చల్లగాలి మిషన్లు, పైన కూర్చుని కొండలు చూడ్డానికి కుర్చీలు. పొద్దున్నే ఎక్కించుకుంటారు, మధ్యాహ్నం కదులుతుంది. ఈలోగా కావాలంటే గేటు దగ్గర కార్డు చూపించి దిగి, ఊళ్ళో తిరిగి రావచ్చట. ఆ మాట వినగానే రామతులసి గుండెల్లో రాయి పడింది.

"అమ్మా, నాన్నని దిగనివ్వకు" అంది దేవిశ్రీ ఫోన్లో.

"తాడేసి కట్టమంటావా ఏంటే?" అంది రామతులసి.

సామాను గదిలో పెట్టి, ఫోను చార్జింగులో పెట్టి ఇద్దరూ పైకెక్కారు. అందరికన్నా ముందు వచ్చారేమో, కమ్మీల పక్కన మొదటి రెండు కుర్చీలూ దొరికాయి. ఎదురుగా గోదావరి తప్ప ఇంకేం లేదు. రామతులసి కాళ్ళు చాపుకుని, "ఇంక నన్నెవరూ లేపకండి" అంది.

గంగరాజు కుదురుగానే కూర్చున్నాడు, పాపం. కానీ కింద వంటగది వైపు చెక్కబల్ల వేసి కూరగాయల బస్తాలు ఎక్కిస్తున్నారు. వంగి చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

"ఏంటయ్యా ఆ వంకాయలు? గింజ పట్టేశాయి! మనుషులు తినడానికేనా?" అని పైనుంచి కేకేశాడు. తులసి వైపు తిరిగి, "ఇప్పుడే వస్తానుండు" అన్నాడు.

"ఎక్కడికండీ?"

"మార్కెట్టుకి. రెండు రోజులు ఆ వంకాయలు తింటావా నువ్వు?"

"నేను కొండలు చూడ్డానికొచ్చానండీ, వంకాయలు చూడ్డానికి కాదు."

"ఎంతసేపే, ఇదిగో వెళ్ళి అదిగో రావడం!"

ఒక్కణ్ణే పంపితే రాడని ఆవిడకి తెలుసు. "నేనూ వస్తాను పదండి. మరి ఈ కుర్చీలు ఎవరైనా లాక్కుంటే?"

దానికి మనవాళ్ళ దగ్గర మందు ఉంది కదమ్మా. కిక్కిరిసిన బస్సులో కిటికీలోంచి తువ్వాలు పడేస్తే ఆ సీటు మనదే. గంగరాజు భుజం మీది తువ్వాలు తీసి రెండు కుర్చీల మీదా పరిచాడు. గాలికి ఎగరకుండా ఈ కుర్చీలో ఒక చెప్పు, ఆ కుర్చీలో ఒక చెప్పు బరువు పెట్టాడు. పొలం గట్ల మీద నడిచే కాళ్ళకి చెప్పులతో పనేముంది? వంకాయల గురించి దెబ్బలాడుతూ వంటగది చెక్కబల్ల మీంచే దిగిపోయారు ఇద్దరూ. గేటూ చూడలేదు, కార్డూ చూపించలేదు.

వంకాయలు దొరికాయి. లేతవి, నవనవలాడేవి. అక్కడితో వచ్చేస్తే కథే లేదు. కొట్టు యజమాని చంద్రరావు సంచీ అందిస్తూ, "ఏ ఊరండీ మీది?" అన్నాడు.

"తణుకు పక్కనండి."

"అయ్యబాబోయ్, మా తోడల్లుడిది తణుకేనండి! అంటే మీరు మాకు చుట్టాలే. కాఫీ తాగకుండా వెళ్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదండి."

రామతులసి మొగుడి చొక్కా పట్టుకుని లాగింది. కానీ కాఫీ అన్నవాళ్ళు పెసరట్టు పెట్టారు, పెసరట్టు పెట్టినవాళ్ళు తోడల్లుడి పెళ్ళి వీడియో పెట్టారు. గోదావరి జిల్లాల్లో గడప ఎక్కడం తేలికే, దిగడమే కష్టం.

అక్కడ లాంచీ మీద గాలి రేగింది. తువ్వాలు లేచి కమ్మీకి చుట్టుకుంది. ఒక చెప్పు దబ్బున గోదాట్లో పడింది. ఆ చప్పుడికి ఎవరో తొంగిచూస్తే నీళ్ళలో చెప్పు తేలుతోంది, కుర్చీలో దాని జత ఉంది, మనిషి లేడు! ఒకటే గోల. లాంచీ మేనేజరు ప్రసన్నకుమార్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. ఆ కుర్చీల్లో కూర్చున్న తణుకు వాళ్ళు కార్డు చూపించి దిగినట్టు లెక్కలో లేదు. గదికి తాళం. ఫోన్ చేస్తే ఆ గదిలోనే మోగుతోంది. ఇంకేముంది, చేపల పడవల వాళ్ళందర్నీ పిలిపించి వెతికించడం మొదలుపెట్టాడు.

మనవాళ్ళు ఆయాసపడుతూ వచ్చేసరికి రేవు నిండా జనం. లాంచీ కదల్లేదు. రామతులసి ఊపిరి పీల్చుకుంది. గంగరాజు జనంలో దూరాడు.

"ఏంటండీ సంగతి?"

"ఎవరో తణుకు వైపు పెద్దాయనటండి. గోదాట్లో పడిపోయాడు. పట్టుకోబోయి వాళ్ళావిడ కూడా..."

"అయ్యో, మావైపు వాళ్ళే!" అన్నాడు గంగరాజు. రామతులసి కొంగుతో కళ్ళొత్తుకుంది. "మహా ఇల్లాలు, ఎంత ప్రేమో" అంది.

"చూశావా, మొగుడి కోసం గోదాట్లో దూకింది. నువ్వు కాఫీ తాగడానికి రమ్మంటే చొక్కా చించావు" అని దెప్పి, గంగరాజు గట్టు అంచుకి వెళ్ళి పడవలవాళ్ళకి సలహాలు మొదలెట్టాడు. "అక్కడ కాదయ్యా! నీళ్ళు ఇటు లాగుతున్నాయి. పెద్దాయనన్నారుగా, బరువుంటాడు, కిందకి చూడండి!"

ఇంతలో ప్రసన్నకుమార్ తువ్వాలు పట్టుకుని, "దీన్ని ఎవరైనా గుర్తుపడతారాండీ?" అంటూ వచ్చాడు. ఎర్రగళ్ళ తువ్వాలు. మూల చిరిగితే నీలం దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు కుట్టిన చెయ్యి రామతులసిదే.

"ఏవండీ" అంది మెల్లగా. "పోయింది మీరేనండీ."

ప్రసన్నకుమార్‌కి ఏడవాలో తిట్టాలో తెలియలేదు. చివరికి దణ్ణం పెట్టాడు. "బాబాయిగారూ, ముందు లాంచీ ఎక్కండి. పిన్నిగారూ, మీరు చెయ్యి వదలకండి."

ఎక్కారు. వంకాయలు వంటగదికి చేరాయి. వాళ్ళ కుర్చీలు వాళ్ళకోసమే ఉన్నాయి. పోయినవాళ్ళ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? కింద పడవలు ఒడ్డుకొస్తున్నాయి. పడవలవాళ్ళలో అందరికన్నా పెద్దవాడు బుల్లియ్య, తల నుంచి నీళ్ళు కారుతుంటే, దొరికిన చెప్పు ఎత్తి చూపిస్తున్నాడు.

గంగరాజు లేచాడు. "నాకోసం మునిగిన మనుషులే, తులసీ! పలకరించకుండా పోతే మర్యాదా? ఇప్పుడే వస్తానుండు."

ఈసారి రామతులసి వెంట వెళ్ళలేదు. ఆయన కుర్చీ మీద తువ్వాలు మళ్ళీ పరిచి, మిగిలిన చెప్పు బరువు పెట్టింది.

ఒడ్డున బుల్లియ్య గంగరాజు భుజం తడిమి చూసి, "పోయింది మీరేనాండీ?" అన్నాడు.

"నేనేనయ్యా!" అన్నాడు గంగరాజు గర్వంగా. టీలు చెప్పాడు. తను మునిగుంటే ఎక్కడ తేలేవాడో చేత్తో చూపిస్తూ చెబుతున్నాడు. లాంచీ కూత వేసింది.

ప్రసన్నకుమార్ పైకొచ్చాడు. "అందరూ ఎక్కినట్టేనా పిన్నిగారూ? బాబాయిగారేరీ?"

రామతులసి ఒడ్డుకేసి చూసింది. ఒక చేతిలో టీ గ్లాసు, ఒక చేతిలో చెప్పు, చుట్టూ జనం. ఆయన అంత సంతోషంగా ఉండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఎగువ వైపు చూసింది. గేదె నాటి నుంచీ ఆగిపోయిన దారి అది.

"ఆయన తువ్వాలు ఎక్కిందండి. పోనివ్వండి" అంది.

లాంచీ కదిలాక గానీ గంగరాజు తల తిప్పలేదు. "తులసీ! ఆగమను! ఆగమనవే!" అని చెప్పు ఊపుతూ గట్టు వెంట పరిగెత్తాడు. రామతులసి లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి గట్టిగా అరిచింది.

"ఇప్పుడే వస్తానుండండీ!"

కాసేపటికి ఎవరో వచ్చి, "ఈ కుర్చీలో ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగారట. "ఉన్నారండి. చెప్పు కనపడ్డంలా?" అందట.

కొండలు చూసింది. తెల్లారి మంచులో ఒకసారి, పొద్దెక్కాక ఒకసారి, తిరుగు దారిలో ఇంకోసారి. గంగరాజేమో కిటికీలోంచి వెయ్యడానికి తువ్వాలు లేక, ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని, రావులపాలెం మీదుగా తణుకు దాకా బస్సులో నిలబడే వెళ్ళాడు.

ఇదమ్మా సంగతి. మరిచిపోకుండా మీ వాళ్ళకీ చెప్పండి, బండి కదలకముందు దిగేవాళ్ళకి మరీ చెప్పండి. గంగరాజు ఎదురైతే మాత్రం ఒక్కటి దాచండి: ఆ వంకాయ కూర ఎంత బావుందో రామతులసి ఇవాళ్టికీ ఆయనకి చెప్పలేదు.