కోపానికి రెండో కొలత

శుక్రవారం పొద్దున్న సత్యశ్రీ వేసుకున్న ప్లానులో తప్పేమీ లేదు. ఏడింటికి నర్సీపట్నంలో జీడిపప్పు షెడ్డుకి వెళ్లి, అక్కడ పనిచేసే ముప్ఫై మంది ఆడవాళ్లని కోపం ప్రశ్నావళి రెండోసారి అడగాలి. పదింటి బస్సెక్కి, ఆ కాగితాలు విశాఖపట్నంలో గైడుగారి ముందు పెట్టాలి. సోమవారంలోగా ఆయన సంతకం పడకపోతే పీహెచ్‌డీ గడువు దాటిపోతుంది. నాలుగేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

ఆ ప్రశ్నావళి కోసం పాపం ఆ పిల్ల పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మూడు నెలలు ఇంటర్నెట్టంతా గాలించి, తయారుచేసినాయన్ని బతిమాలి ఒప్పించి, తెలుగు చేసుకుంది. అది నమ్మదగ్గ కొలతని తేలాలంటే అదే మనుషుల్ని అవే ప్రశ్నలు రెండు వారాలాగి మళ్లీ అడగాలన్నారు గైడు జగదీశ్వరరావుగారు. మొదటిసారి అంతా నవ్వుతూనే చెప్పారు.

"'నాకు చిన్న విషయానికే కోపం వస్తుంది.' ఎప్పుడూనా, అప్పుడప్పుడూనా, అసలు రాదా?" అని మొదలుపెట్టింది సత్యశ్రీ.

షెడ్డులో పెద్దామె లోవమ్మ చేతిలో పని ఆపింది. "ఇది మొన్న సెప్పీసినాం గదమ్మా?"

"అవును పిన్నీ. మళ్లీ చెప్పాలి."

"కాయితాలు పారీసుకున్నట్టుంది, పాపం. సెప్పీవే," అంది పక్కనున్న పుష్పవతి.

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. సత్యశ్రీకి నిజాయితీ ఎక్కువ. "లేదండీ, భద్రంగా ఉన్నాయి. రెండు జవాబులూ సరిపోతాయో లేదో చూస్తాను."

"సరిపోతాయో నేదో సూస్తావా? మేం అబద్దమాడినామా ఏటి? పోలీసోళ్లు అడిగినట్టు అడుగుతున్నావేటి?" అంది లోవమ్మ.

ఆ మాట షెడ్డంతా పాకింది. ఎవరిని ఏ ప్రశ్న అడిగినా "ఎప్పుడూ! రాసుకో!" అన్నారు. ముప్ఫై కాగితాల్లోనూ కోపం నూటికి నూరు.

ఫోనులో ఆ అంకెలు విని, "ఇంట్లో కూర్చుని నువ్వే టిక్కులు పెట్టావు," అన్నారు గైడుగారు. సత్యశ్రీకి ఏడుపొచ్చింది. మర్నాడు ఆయనే స్వయంగా కారులో వచ్చి, షెడ్డులో కుర్చీ వేయించుకుని, ఆ ప్రశ్నలు తనే అడగబోయారు.

"మీరు పెద్దోరు బాబూ, ముందు మీరు సెప్పండి. బేగి కోపం వస్తదేటి?" అంది లోవమ్మ.

ఆయన చిరునవ్వు నవ్వారు. "నాకు అసలు రాదమ్మా."

"మరో పాలి సెప్పండి. బేగి కోపం వస్తదేటి?"

"ఇప్పుడే చెప్పాను కదమ్మా!"

"సెప్పినారు. రెండూ సరిపోతాయో నేదో సూస్తాను."

"నేను ప్రొఫెసర్ని! నా మాట మీదే నమ్మకం లేదా?" ఆయన లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

లోవమ్మ సత్యశ్రీ వైపు తిరిగి, "'ఎప్పుడూ' అని రాసుకోమ్మా," అంది నెమ్మదిగా.

గైడుగారు కుర్చీ ఎత్తి నిలబెట్టి, కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత, మొదటిసారి కాగితాల్లోని ప్రశ్నలనే రెండు సగాలు చేసి, ఒక సగం జవాబుల్ని ఇంకో సగంతో పోల్చినా చాలని, రెండోసారి అడగక్కర్లేదని చెప్పారు. లెక్క చక్కగా కుదిరింది. సోమవారం సంతకం పడింది.

ఆ పద్ధతి ఆయన ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్నదే. గుర్తు రావడానికి మాత్రం ఆయన్ని రెండోసారి అడగాల్సి వచ్చింది.