బొటనవేలి దండయాత్రలో పన్నెండో పిండిముద్ద

సమస్తలోక క్షుధార్తిహరమైన ఓవెన్ ధగధగ జ్వలించుచుండగా, మైదా బస్తాల నడుమ, ఉదయం ఎనిమిదిన్నర గంటల శుభసమయమున, పిష్టధూళిధూసరితాంగుడును, ఆరేళ్లుగా వేకువ మూడింటికే లేచి పిండి పిసుకుటచే నిద్రాదేవతా పరిత్యక్తుడును అగు బేకరీవారి అల్లుడు, ఫ్రీజర్‌లో వారం పడుకొని మంచు వదిలిన పన్నెండో పిండిముద్దను రెప్పవేయక తిలకించుచుండెను.

అది పొంగి బన్నైనచో ఇకపై పిండిని వారానికోసారి కలిపి దాచుకొనవచ్చును. పొంగనిచో ఫ్రీజర్‌ను అమ్మిపారేసెదనని మామగారు ఘోరప్రతిజ్ఞ చేసియుండిరి.

మునుపటి పదకొండు ముద్దలును వీరస్వర్గమలంకరించినవే. హిమకణశరపరంపరలకు కొన్నింటి గుండెలు చీలెను. మొక్కజొన్నపిండి కలిపినది ఇటుకరాయైపోయెను. బంగాళాదుంపపిండి కలిపినది పళ్లెమును కౌగిలించుకొని విడువకుండెను. ఈసారి అల్లుడు మైదా కొంత తగ్గించి, నీటిని పట్టి ఉంచు కర్రపెండలం పిండిని, నానిన అవిసెగింజల జిగురును వజ్రకవచముగా తొడిగెను. ముద్ద మెల్లగా కదలెను.

“లెమ్ము, గోధుమకులభూషణమా! నీవు లేచినచో నేను పడుకొందును!”

అంతలో నలుబదియేండ్ల అనుభవమే కిరీటముగా, బొటనవేలే గదాదండముగా మామగారు ప్రవేశించిరి. కనబడిన ప్రతి పిండిని నొక్కి చూడనిదే ఆ వేలికి కుదురుండదు. సగం పొంగిన ముద్దకు ఆ నొక్కుడే మరణశాసనమనియు, గతించినవానిలో నాలుగైదు మంచుకు కాక మామకే బలియైనవనియు అల్లునికి అప్పుడే తట్టి ఒళ్లు మండిపోయెను.

“ఏమయ్యా, లేచిందా? జరుగు, ఓసారి నొక్కి చూస్తా.”

కాదన్న యుద్ధము, ఔనన్న సర్వనాశనము. అల్లుడు అవిసె జిగురు గిన్నెను ముందుకు జరిపెను.

“ముద్దదేముందండీ మామయ్యగారూ, ఎవరైనా నొక్కుతారు. ఈ జిగురు కుదిరిందో లేదో చెప్పాలంటే మాత్రం మీ వేలు తప్ప దిక్కులేదు!”

పొగడ్తకు లొంగని మామ ఏ లోకమున గలడు? వేలు ముంచిరి. జిగురు మూరెడు సాగెను. వదిలించుకొనబోవ రెండో చేతికి అంటుకొనెను, ఆపై గుడ్డకు, గుడ్డ నుండి చొక్కాకు.

“ఏమేవ్! నీ అల్లుడు నాకేం అంటించాడో చూడు!”

“ప్రతిదాంట్లో వేలు పెట్టొద్దంటే వింటేగా!” అని కౌంటరు నుండి అత్తగారు గర్జించిరి.

మామగారు కుళాయి కింద జిగురుతో పోరాడునంతలో ముద్ద నిండుగా పొంగి, ఓవెన్‌లోకేగి, బంగారువన్నె బన్నై తిరిగివచ్చెను. ఆయన తడిచేతితో విరిచి, నమిలి, మిగిలిన ముక్కను కూడ నోట వేసికొనిరి.

“పర్లేదు. ఫ్రీజర్ ఉండనీ.”

అల్లునికి నిజముగనే కళ్లనీళ్లు తిరిగెను.

కావున దశదిశలవారలారా, వినుడు! రేపటి సూర్యోదయమును ఈ మహావీరుడు కాంచబోడు. ముసుగుతన్ని గురకపెట్టుచుండును.