ఎర్రమ్మ గడపకు న్యాయం

ఇకపై గంజాం జిల్లాలో న్యాయం కోసం జనం కాళ్లరిగేలా తిరగనక్కర్లేదనీ, న్యాయమే వాళ్ల గడప దగ్గరకు వస్తుందనీ మంత్రి ఢిల్లీశ్వరరావుగారు బరంపురంలో ప్రకటించి, న్యాయవాహనానికి పచ్చజెండా ఊపారు. జెండా ఊపడంలో వారిది అందెవేసిన చెయ్యి.

ఈ మాట వినగానే పొడంపేట ఎర్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో చేపలవేట మీద నిషేధం ఉండగా వల వేశాడని ఆమె మొగుడు కాసులును పట్టుకుపోయారు. బెయిలు తొందరగానే ఇచ్చారు గాని, భూమి ఉన్నవాళ్లెవరైనా జామీను ఉంటేనే వదుల్తామన్నారు. ఎర్రమ్మ పేర పట్టా ఉంది. ఆ స్థలం చూసి రాసివ్వాల్సిన రెవెన్యూ ఆఫీసు ఆర్‌ఐ గారికే పదకొండు నెలలుగా తీరిక చిక్కలేదు.

పథకం మహిమ చూడండి, మూడో రోజుకే న్యాయవాహనం ఊళ్లోకి వచ్చేసింది. మంత్రిగారు, ఆర్‌ఐ, ఫొటోగ్రాఫరు దిగారు. స్థలమేదని ఆర్‌ఐ అడిగితే ఎర్రమ్మ సముద్రం వైపు చెయ్యి చూపింది.

"ఆ మూడో కెరటం కాడ బాబూ. రెండేళ్లయినాది, సంద్రం మింగేసినాది. పట్టా ఒక్కటే మిగిలినాది."

ఇంకొకరైతే అక్కడితో నీరుగారిపోయేవారు. మంత్రిగారు అలాంటివారు కాదు. రికార్డులో భూమి ఉందా అని ఆరా తీశారు. ఉందన్నాడు ఆర్‌ఐ.

"మరి ఎల్లాల. గడప దాకా వస్తామని మాటిచ్చినాం," అన్నారు మంత్రిగారు.

పడవ పెట్టడానికి కాసులు తమ్ముడు శివరామ్ ముందుకొచ్చాడు. అన్న బయటికొస్తాడంటే ఏడు సముద్రాలైనా దాటే మనిషి. ఆర్‌ఐ, ఫొటోగ్రాఫరు ఎక్కేసరికి పడవలో చోటు చాలక ఎర్రమ్మను ఒడ్డునే ఉండమన్నారు. ప్రజల మధ్యే ఉండాలని మంత్రిగారూ ఒడ్డునే ఉండిపోయారు.

ఆర్‌ఐ ఫోనులో మ్యాపు చూసుకుని, నీళ్ల నడుమ పడవ ఆపించి రిపోర్టు రాశాడు: "స్థలము కలదు. ప్రస్తుతము తడిగా ఉన్నది. యజమానురాలు స్థలములో లేరు. కావున జామీను సిఫారసు చేయుటకు వీలు లేదు."

పడవ తిరిగొస్తుండగా ఫారెస్టువాళ్ల పహరా బోటు అడ్డుపడింది. మళ్లీ తాబేళ్ల కాలం కదా. ఆర్‌ఐ, ఫొటోగ్రాఫరు ప్రభుత్వ పని మీద ఉన్నారని వదిలేశారు. శివరామ్ దగ్గర ఏ కాగితమూ లేదు. అతన్ని పట్టుకుపోయారు.

ఎర్రమ్మ ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుంది. మంత్రిగారు స్వయంగా వంగి ఓదార్చారు.

"ఏడవకమ్మా. ఇన్నాళ్లూ మీ ఆయన జైల్లో ఒక్కడే ఉన్నాడు కదా."

మర్నాడు పేపర్లో మంత్రిగారి ఫొటో పడింది. ఎర్రమ్మ ఆర్‌ఐ ఆఫీసుకెళ్లి, ఇప్పుడు ఇద్దరికి జామీను కావాలనీ, ఈసారి తనని కూడా పడవెక్కించుకోమనీ బతిమాలింది. ఆర్‌ఐ కాదనలేదు. పథకం వచ్చాక ఆయన ఎవర్నీ కాదనడం లేదు.

"నువ్వు పడవ నడిపీ మనిషిని సూసుకో అమ్మా. రేపే వస్తాం," అన్నాడు.